చుక్కల గీత

కొత్త మనిషి కనబడగానే మీదే ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్లు మీకేమవుతారు అని అడగందే మనకి తోచదు. ఆ మూడూ తేలేదాకా పెట్టిన కాఫీ చల్లారిపోతూనే ఉంటుంది. విశ్వనాథంగారు అమెరికా వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా ఆ గుణం పోలేదు. పోకపోగా ముదిరింది.

ఆయన ఉండేది నార్త్ కరొలైనాలో క్యారీ అనే ఊళ్లో. పైన్ చెట్లు, పచ్చిక, ఇంటిముందు రెండేసి కార్లు. వీధి ఎంత నిశ్శబ్దమంటే, మీరిక్కడ తుమ్మితే నాలుగిళ్ల అవతల "బ్లెస్ యూ" అంటారు. ఆయన మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే స్నానం, సంధ్య, విష్ణు సహస్రనామం. స్వామి దయవల్ల ఆరోగ్యానికి లోటు లేదు. మరి మిగతా రోజంతా ఏం చెయ్యాలి?

ఎదురింటి బాబ్‌ని పట్టుకుని, మీ ముత్తాతగారి తండ్రి ఎవరని అడిగారు. బాబ్ తల గోక్కుని తెలీదన్నాడు. తెలీదా? విశ్వనాథంగారికి అన్నం సయించలేదు. నెల తిరిగేసరికి ఆ తాతని వెతికి పట్టుకుని, వంశవృక్షం గీసి, బాబ్ చేతిలో పెట్టారు. బాబ్ భార్య కళ్లనీళ్లు పెట్టుకుని ఆపిల్ పై చేసి పంపింది. ఇక చూడండి, వీధి వీధంతా తాతల కోసం ఈయన గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"మనవాళ్ల తాతలు అయిపోయారు, ఇప్పుడు తెల్లవాళ్ల తాతల మీద పడ్డారు," అనేవారు ఆయన భార్య లక్ష్మీకాంతంగారు.

"ఒక్కో తాతకీ ఒక్కో పై వస్తోంది కదే."

"ఆ పైలో గుడ్డుంది. మీరు రెండు ముక్కలు తిన్నారు. నేను చెప్పలేదు."

మూడొందల ఏళ్ల నాటి ఇంగ్లీషు రికార్డులు చదవడమంటే మాటలు కాదు. చర్చిలో బాప్తిజాల పుస్తకాలు, పెళ్లిళ్ల పుస్తకాలు, వీలునామాలు, కోర్టు వాంగ్మూలాలు. రాత చూస్తే కోడి గీకినట్టుంటుంది. తండ్రీ జానే, కొడుకూ జానే, పక్కింటివాడూ జానే. వీళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చడానికి ఒక పద్ధతుంది. రుజువుంటే తండ్రి నుంచి కొడుక్కి నిండు గీత గీస్తారు. అనుమానముంటే చుక్కల గీత. ఊరి లైబ్రరీలో వాలంటీరుగా ఉండే మార్గరెట్ అనే తెల్లజుట్టు ఆవిడ ఆయనకి ఆ విద్య నేర్పింది. "చుక్కల్ని కలిపెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది, విష్. దురద రుజువు కాదు," అనేది. ఆయన పూర్తి పేరు ఆవిడకి నోరు తిరగదు.

విశ్వనాథంగారికి శ్రుతి ఒక్కతే కూతురు. అక్కడే పుట్టింది, అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడి కుర్రాడినే చేసుకుంది. డేనియల్ గార్త్, అందరికీ డాన్. బంగారంలాంటి పిల్లవాడు. తండ్రి లేడు, తల్లి ఎక్కడో అరిజోనాలో ఉంటుంది. పంచె కట్టమంటే కట్టాడు, తాళి కట్టమంటే కట్టాడు. గోత్రం ఏమిటని పురోహితుడు అడిగితే మాత్రం అయోమయంగా చూశాడు. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పుకోమని పెద్దలు ఒక దారి చూపించారు. అలాగే చెప్పి కన్యాదానం చేశారు. కౌండిన్య గోత్రపు పిల్ల కాశ్యప గోత్రంలోకి వెళ్లిపోయింది.

అప్పుడేమీ అనిపించలేదు. శ్రుతికి ఏడో నెల వచ్చాక విశ్వనాథంగారికి మనసులో ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. పుట్టబోయే బిడ్డకి అరువు గోత్రమేమిటి? వాడి వంశానికి మూలపురుషుడు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు కదా. వాణ్ణి పట్టుకోవాలి. పేరు పెట్టి పిలిచి నాలుగు నువ్వుల నీళ్లు వదలాలి. బిడ్డ చల్లగా ఉండాలంటే వెనకున్న పెద్దలు చల్లగా ఉండాలి. ఆయన కోరిక అంతే. తప్పు కోరిక కాదు నాయనా. తప్పు ఆ తరవాత జరిగింది.

డాన్ తండ్రి, తాత, ముత్తాత సులువుగానే దొరికారు. అక్కణ్ణించి వెనక్కి, ఇంకా వెనక్కి వెళితే థామస్ గార్త్ అనే ఆయన దగ్గర సముద్రం అడ్డొచ్చింది. ఇంగ్లండులో థోర్న్‌బెక్ అనే పల్లె నుంచి ఓడెక్కాడాయన. తండ్రి పేరు రాల్ఫ్ గార్త్. చిక్కల్లా ఏమిటంటే, ఆ పల్లెలో ఆ కాలంలో రాల్ఫ్ గార్త్‌లు ఇద్దరున్నారు.

ఒక రాల్ఫ్ నెమ్మదస్తుడు. చర్చి పనులు చూసుకుని, మంచంలో కన్నుమూశాడు. వాడి తండ్రెవరో రాసిన పేజీ ఎలకలు కొట్టేశాయి. రెండో రాల్ఫ్ సంగతి మార్గరెట్ చెప్పింది. మిట్టమధ్యాహ్నం, లైబ్రరీ కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. అయినా ఆవిడ గొంతు తగ్గించింది.

"వాడు జాన్ గార్త్ అనే రైతు కొడుకునని చెప్పుకునేవాడు. జాన్ ఒప్పుకోలేదు. చచ్చేముందు వీలునామాలో కూడా, వీడు నాకేమీ కాడు అని రాయించాడు. జాన్‌ని పూడ్చిపెట్టిన రోజు సాయంత్రం వీడు ఆ ఇంటికెళ్లాడు. చేతిలో కంచెలు నరికే వంకీ కత్తి. జాన్ పెద్దకొడుకు, వీడికి అన్న వరసవాడు, తలుపు తీశాడు. వీడు ఒక్కటే అడిగాడు. నేను నీకు ఏమవుతాను?"

"ఏమన్నాడు?"

"ఏమీ కావు అన్నాడు. కత్తి మెడలో దిగింది. వదినగారిని అడిగాడు. ఆమె అదే చెప్పింది. అన్నగారి పెద్దకొడుకు పారిపోతుంటే వెనకనుంచి మోకాలి నరాలు తెగ్గొట్టి, నేలమీద పడ్డవాణ్ణి కూడా అడిగాడు. ముసలి అత్తని మంచంలోనే అడిగాడు. గోడలు కడగడానికి పల్లెవాళ్లకి రెండ్రోజులు పట్టిందట. ఆఖరికి పొయ్యి వెనక దాక్కున్న చిన్నపిల్లని లాగి అడిగాడు. ఆ పిల్ల 'బాబాయ్' అంది. అంతే. కత్తిని గడ్డితో తుడిచి, పిల్లకి రొట్టె విరిచి పెట్టి, జనం వచ్చేదాకా పక్కన కూర్చున్నాడు. ఇదంతా ఆ పిల్లే కోర్టులో చెప్పింది. వాణ్ణి ఉరితీశారు."

విశ్వనాథంగారు వీలునామా నకలు తన వైపు లాక్కుని ఇంకోసారి చదివారు. తరవాత, "అయితే జాన్ కన్న రాల్ఫ్ ఆ మంచివాడే అయ్యుంటాడు. అందుకే రెండోవాణ్ణి కాదన్నాడు. మా థామస్ ఈ మంచివాడి కొడుకు. సరిపోయింది," అన్నారు.

"లేదా వాడు చెప్పిందే నిజం, తండ్రి అబద్ధమాడాడు. థామస్ ఏ రాల్ఫ్ కొడుకో నీకూ తెలీదు, నాకూ తెలీదు. చుక్కల గీత ఉంచు, విష్."

ఆయన తలూపారు. ఇంటికొచ్చి పెన్ను తీశారు. జాన్ నుంచి రాల్ఫ్‌కి, రాల్ఫ్ నుంచి థామస్‌కి నిండు గీత గీశారు.

* * *

ఆ యేడు, అంటే రెండువేల పదకొండులో, మహాలయ అమావాస్య సెప్టెంబరు నెలాఖరున వచ్చింది. ఎక్కడో సముద్రం మీద తుపాను లేచింది, దాని తోక ఇటు కొడుతుందని టీవీలో చెబుతున్నారు. పొద్దున్నుంచీ గాలి లేదు. ఆకాశం సీసం రంగులో ఉంది.

శ్రుతీ డాన్ పక్క ఊరైన మోరిస్‌విల్ నుంచి తెల్లారేసరికే వచ్చేశారు. ఇంటి వెనక అరుగులాంటి చెక్క డెక్ మీద డాన్ దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాడు. జంధ్యం లేదు గనక కుడి భుజం మీద తువ్వాలు, వేలికి దర్భ ఉంగరం. పురోహితుడు జగదీష్ శర్మగారు ఫోన్లో, స్పీకర్ మీద.

"మామయ్యగారూ, ఈ గడ్డి ఉంగరం టైట్‌గా ఉంది," అన్నాడు డాన్, వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో.

"నీ పెళ్లుంగరం కన్నానా?" అంది లోపల్నుంచి శ్రుతి.

తండ్రి, తాత, ముత్తాత. మూడు పేర్లూ అయ్యాయి. నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నువ్వులతో జారి పళ్లెంలో పడ్డాయి. అది పితృతీర్థం. దేవతలకి వేళ్ల కొసల నుంచి, పితరులకి ఆ సందులోంచి.

"ఇంకొక్కటి, శర్మగారూ. మూలపురుషుడు," అన్నారు విశ్వనాథంగారు.

ఫోన్లో శర్మగారు నసిగారు. "మూడు తరాలు చాలండీ. పైగా అమ్మాయి కడుపుతో ఉంది. వంశంవాడో కాదో రూఢిగా తెలియనివాణ్ణి పేరుపెట్టి పిలవకూడదు. వచ్చేవాడు ఎవడో మనకేం తెలుసు? తెలియనివాళ్లందరికీ కలిపి ఆఖర్న ఒక దోసెడు వదులుతాం కదా, అందులో వస్తాడు."

"నాకు రూఢిగా తెలుసు."

"తెలుసా?"

"తెలుసండీ."

చూశారా, తర్పణంలో 'బహుశా' అనే మాటకి చోటు లేదు. శర్మగారు నమ్మారు. జాన్ గార్త్ పుత్రుడైన రాల్ఫ్ గార్త్, మా వంశకర్త, ఈ నీరు నీకు చేరుగాక. డాన్ మూడుసార్లు అన్నాడు. మూడోసారి అంటుండగా పళ్లెంలో నీళ్లు వణికాయి. గాలి లేదు, వణికాయి.

లక్ష్మీకాంతంగారు కాకులకి అన్నం ముద్ద తెచ్చి డెక్ రెయిలింగ్ మీద పెట్టారు. కాకులు వచ్చాయి, రాలేదనడానికి లేదు. కంచె మీద వరసగా వాలి ముద్ద వంక చూశాయి. ఒక్కటీ ముట్టలేదు. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి లేచిపోయాయి.

"అమెరికా కాకులు కదా, నెయ్యి పడదేమో," అన్నారావిడ.

భోజనాలయ్యాయి. శ్రుతి పడుకోవడానికి మేడమీదికి వెళ్లింది. లక్ష్మీకాంతంగారు చేతులు కడుక్కుని డెక్ మీదికి వెళ్లి చూస్తే ముద్ద సగమే ఉంది. ముక్కుతో పొడిచిన సగం కాదది. పిడికిలి పట్టి తీసిన సగం. మిగిలిన అన్నంలో నాలుగు వేళ్ల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. వేళ్లు మనిషివే. కాని చాలా లావు. ఆవిడ దాన్ని నీళ్లతో కడిగేశారు.

* * *

నాలుగు గంటల వేళ వాన మొదలైంది. మబ్బు ఇంటి కప్పు మీదికి దిగినట్టయింది. కరెంటు పోయింది. ఫ్రిజ్ మూలుగు ఆగేసరికి ఇల్లంతా చెవులు రిక్కించినట్టు అనిపించింది.

విశ్వనాథంగారు హాల్లో కుర్చీలో ఉన్నారు. ముందు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని కంబళి వాసన, కుళ్లిన గడ్డి వాసన, వాటి కింద తుప్పుపట్టిన ఇనుము వాసన. ఆ ఇంట్లో ఉన్ని లేదు. గడ్డీ లేదు.

తరవాత చప్పుడు. డెక్ చెక్కల మీద బూట్లు. బరువైన అడుగు... ఆగడం... మళ్లీ అడుగు. మధ్యమధ్య ఏదో ఇనపముక్క రెయిలింగ్‌కి తగులుతున్న టక్కు.

డాన్ తడుస్తున్న పళ్లేలు లోపలికి తేవడానికి అటే వెళ్లాడు.

"డాన్?" అన్నారాయన.

బయట ఎవరో మాట్లాడారు. గొంతు బొంగురు, నూతిలోంచి వచ్చినట్టుంది. ఇంగ్లీషే. కాని ఇప్పటి ఇంగ్లీషు కాదు. ఆయన ఇన్నాళ్లూ కాయితాల మీద మాత్రమే చూసిన ఇంగ్లీషు, మొదటిసారి నోటితో వింటున్నారు.

నేను నీకు ఏమవుతాను?

"సారీ, హూ ఆర్ యూ?" అన్నాడు డాన్, మర్యాదగా. "నాకు మీరు తెలీదే..."

గాజు తలుపు మీద డాన్ వచ్చి పడ్డాడు. అద్దం సాలెగూడులా చిట్లింది. దవడ నుంచి చెవి దాకా చెంప తెరుచుకుని, లోపలి పళ్లు కనబడుతున్నాయి. అద్దం మీద ఎర్రగా జారుతూ కిందికి దిగిపోయాడు. వాడి వెనక వానలో ఒక ఆకారం నిలబడి ఉంది. మోకాళ్ల దాకా వేలాడే తడికోటు. తల నిలబడలేదు. ఎడమ భుజం మీదికి పూర్తిగా వాలిపోయి, మెడ తాడంత సన్నంగా సాగి ఉంది. చేతిలో వంకీ కత్తి.

తలుపు తెరుచుకోలేదు. కాని బూట్లు ఇప్పుడు హాల్లో ఉన్నాయి.

లక్ష్మీకాంతంగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, తలుపు లాగి, డాన్ తలని ఒళ్లో పెట్టుకుని, చీర కొంగు ఉండచేసి చెంపకి అదిమారు. "శ్రీరామ రామ రామేతి," అంటున్నారు. కొంగు క్షణంలో నానిపోయింది. "అమ్మాయి, అమ్మాయి దగ్గరికి వెళ్లండి," అన్నారు భర్తతో, తలెత్తకుండానే.

బూట్లు మెట్లెక్కుతున్నాయి.

విశ్వనాథంగారికి మోకాళ్ల నెప్పులు. మెట్టుకో మెట్టు లాక్కుంటూ ఎక్కారు. ముందు నడుస్తున్నది ఆయనకి కనబడలేదు. దాని పని కనబడింది. ఒక్కో అడుగుకీ గోడ మీద మూరెడు గాటు పడుతోంది, సుద్దపొడి రాలుతోంది. చెక్క చేపట్టు చీలికలై ఎగురుతోంది. గోడకి తగిలించిన పెళ్లి ఫొటో రెండుగా తెగి కింద పడింది. తెగింది డాన్‌కీ శ్రుతికీ మధ్య కాదు. శ్రుతి నడుము దగ్గర.

అప్పుడర్థమైంది ఆయనకి. మూడొందల ఏళ్లుగా వాణ్ణి జాన్ కొడుకని ఎవ్వరూ అనలేదు. ఈవేళ మూడుసార్లు అన్నారు. నువ్వులతో, నీళ్లతో, పురోహితుడి సాక్షిగా. దాయాది వాటా కోసం రాక ఏం చేస్తాడు? ఈ వంశంలో ఇప్పుడున్నవాళ్లు ఎవరు? ఒకడు కింద నెత్తుట్లో ఉన్నాడు. రెండోది ఇంకా పుట్టలేదు.

శ్రుతి గది తలుపు గడియ వేసి ఉంది.

"నాన్నా... ఎవరు అక్కడ?" లోపల్నుంచి గుసగుస.

"మాట్లాడకమ్మా. ఏమడిగినా జవాబు చెప్పకు."

"నాన్నా, ఐ యామ్ స్కేర్డ్. వాడు డోర్ దగ్గర ఊపిరి తీస్తున్నాడు. నాకు వినిపిస్తోంది."

నేను నీకు ఏమవుతాను?

తలుపులో కత్తి దిగింది. పీకింది. మళ్లీ దిగింది. చెక్క పెళ్లలు లేచాయి. చిల్లులోంచి మంచం మీద కూతురు కనబడింది, రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుని, గోడకి అతుక్కుని, నోరు మూసుకుని. ఏమీ కావంటే కత్తి. బాబాయ్ అంటే, తాతా అంటే, పుట్టబోయే బిడ్డ మీద వాడికి జన్మజన్మల హక్కు. మాట్లాడకపోతే... ఎంతసేపు మాట్లాడకుండా ఉంటుంది?

విశ్వనాథంగారు కత్తికీ తలుపుకీ మధ్యకి వెళ్లారు. కుడిచెయ్యి చాచారు. కత్తి ఆగలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగి, మణికట్టు దాకా చీల్చుకుంటూ పోయింది. ఎముక పగిలిన చప్పుడు ఆయనకే వినబడింది. బొటనవేలు తోలు మీద వేలాడింది. ఆ సందులోంచి నెత్తురు ధారగా కారింది. తర్పణం నీరు జారే చోటునుంచే.

ఆ ధార చూడగానే ఆయనకి దారి కనబడింది. అంత బాధలోనూ ఆ మాట తట్టించింది భగవంతుడే అనుకున్నారాయన.

"వాళ్లకి నువ్వేమీ కావు," అన్నారు. ఏ భాషలో అన్నారో ఆయనకే తెలీదు. "నాకవుతావు. కౌండిన్య గోత్రంలోకి నిన్ను నేను తీసుకుంటున్నాను. నా పెద్దల వరసలో నిలబడు. ఇదిగో నీకు. ఇదిగో నీకు. ఇదిగో నీకు."

మూడుసార్లు నెత్తురు కార్పెట్ మీద పడింది. మూడుసార్లూ అక్కడ మరక నిలవలేదు. ఎవరో నాలుకతో అద్దుకున్నట్టు ఇంకిపోయింది.

వాలిన తల ఆయన ముఖం దగ్గరికి వచ్చింది. తడి ఉన్ని వాసన ముక్కు నిండా కొట్టింది. చాలాసేపు అలాగే ఉంది.

తరవాత బూట్లు ఆయన పక్కనుంచి దాటుకుని మెట్లు దిగాయి. తొందర లేదు ఆ నడకలో. ఇల్లు తెలిసినవాడి నడక. హాల్లోకి దిగి, గాజు తలుపు వైపు వెళ్లి... ఆగిపోయాయి.

పోయింది అనుకున్నారాయన. తలుపుకి ఆనుకుని కూలబడ్డారు. లోపల శ్రుతి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు ఆయనకి మంగళవాయిద్యంలా వినబడింది.

* * *

అంబులెన్సు, పోలీసులు. ఎవరో దొంగ వాళ్లింట్లో పడ్డాడని రాసుకున్నారు. డాన్ చెంపకి కుట్లు వేశారు. విశ్వనాథంగారి బొటనవేలు మళ్లీ అతికించారు, కదులుతుందో లేదో దేవుడెరుగు అన్నారు. శ్రుతిని రెండ్రోజులు ఆస్పత్రిలో ఉంచి చూశారు. బిడ్డ గుండె గుర్రంలా కొట్టుకుంటోందని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది.

ఆయన ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం వాన వెలిసి, పైన్ చెట్ల మీంచి ఎండ వంటింట్లో పడుతోంది. మోరిస్‌విల్ నుంచి ఫోనొచ్చింది. డాన్ గొంతు కుట్ల మధ్యనుంచి వంకరగా వస్తోంది. "మామయ్యగారూ, ఇప్పుడు నేను పైరేట్," అన్నాడు. శ్రుతి వెనకనుంచి నవ్వింది. వాళ్లింట్లో ఏ చప్పుడూ లేదు, ఏ వాసనా లేదు. నిద్ర పడుతోంది.

ఫోన్ పెట్టేసి ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మనసు తేలికపడింది. లక్ష్మీకాంతంగారు స్టవ్ దగ్గర కాఫీ కలుపుతున్నారు. చలి లేకపోయినా మెడ చుట్టూ శాలువా. మూడు రోజులుగా తియ్యలేదు. పాపం జడుసుకుని జ్వరం తగిలిందేమో అనుకున్నారాయన.

"నేనేం చేశానో తెలుసా?" అన్నారు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. చెప్పకుండా ఉండలేకపోయారు. "వాణ్ణి మన గోత్రంలోకి లాగేశాను. అమ్మాయిని మనం కన్యాదానం చేసేశాం, అది మన గోత్రం కాదు. దాని బిడ్డా కాదు. మనకి మగపిల్లలు లేరు. కౌండిన్యులలో ఈ ఇంటివరకూ ఇక మిగిలింది నేనొక్కణ్ణే. ఏం చేసుకున్నా నన్నే చేసుకోవాలి. నాతోనే పోతాడు."

లక్ష్మీకాంతంగారు వెనక్కి తిరగలేదు. చెంచా గ్లాసులో తిరగడం ఆగింది.

"నా గోత్రం ఏమిటండీ?" అన్నారు, మెల్లిగా.

ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ల కిందట, మూడు ముళ్లూ పడ్డ పూట, ఆవిడ భారద్వాజ గోత్రం వదిలి ఆయన గోత్రంలోకి వచ్చింది. ప్రతి పూజలోనూ సంకల్పంలో ధర్మపత్నీ సమేతస్య అని ఆయన నోటితోనే చెబుతున్నారు.

ఆవిడ ఇటు తిరిగి శాలువా తీశారు. ఈ చెవి కింద నుంచి ఆ చెవి కింద దాకా ఎర్రటి గీత. సన్నంగా, దారం కట్టినట్టు. పూర్తిగా దిగకుండా ఎవరో మధ్యలో చెయ్యి ఆపినట్టు.

"మెట్లు దిగి నా దగ్గరికే వచ్చారు. డాన్ నా ఒళ్లో స్పృహ లేకుండా ఉన్నాడు. నన్ను అడిగారు. మొదటిసారి ఏమీ కారన్నాను."

"రెండోసారి?"

హాల్లో నేలచెక్క కిర్రుమంది. ఒకసారి. ఇంకోసారి, కాస్త దగ్గరగా.

లక్ష్మీకాంతంగారు గబగబా కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకున్నారు. తల వంచుకుని, గుమ్మానికి దారి వదిలి, గోడ వైపు ఒదిగి నిలబడ్డారు. మామగారు ఎదురొస్తే కోడళ్లు ఒదిగినట్టు. విశ్వనాథంగారి తండ్రి ఆయన పెళ్లికి ముందే పోయారు. ఇన్నేళ్ల కాపురంలో భార్య అలా తప్పుకుని నిలబడటం ఆయన ఎన్నడూ చూడలేదు.

ఖాళీ గుమ్మం వంకే చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా ఆవిడ అన్నారు.

"లేవండి. ఆయన ముందు మీరు కూర్చోకూడదు."